అధికారిక బాధితురాలు

సముద్రంలో మునిగిపోతున్న మనిషిని ఒడ్డుకు చేర్చడం కూడా ఒక ఆటేననీ, దానికి దేశదేశాల్లో పోటీలూ పతకాలూ ఉన్నాయనీ మన ప్రభుత్వానికి ఆలస్యంగా తెలిసింది. తెలిశాక మాత్రం ఆలస్యం జరగలేదు. తీర సురక్షా క్రీడా ప్రాధికార సంస్థ అని ఒకటి వెలిసింది. దానికి సముద్రానికి డెబ్భై కిలోమీటర్ల దూరంలో ఒక మేడ మీద ఆఫీసు ఇచ్చారు. డైరెక్టరుగా సచ్చిదానందం గారిని వేశారు. ఆయన అంతకుముందు పట్టు పరిశ్రమ శాఖలో ఉండేవారు. అక్కడ ఆయన కాలంలో పట్టు పెరిగిందో లేదో గానీ, పట్టుపురుగుల మీద నివేదికలు బాగా పెరిగాయని పేరు.

అప్పటికి రాష్ట్రం మొత్తంలో ఈ ఆటలో జాతీయ స్థాయి బంగారు పతకం ఉన్నది ఇద్దరికే. ఇద్దరూ పెదమెరక అనే చేపలవాళ్ల ఊరి పిల్లలు. ఒకరు సూరాడ నూకరత్నం, రెండోది వాసుపల్లి కామేశ్వరి. నేవీలో చేసి రిటైరైన జోగారావు మాస్టారు వాళ్లను హైస్కూలు రోజుల నుంచీ వెంటబెట్టుకుని ఆ ఆట నేర్పాడు.

వాళ్లు గెలిచింది జంట పోటీ. అందులో ఒకరు ముందుగా అలలకు ఎదురీది, దూరంగా గుర్తుగా తేలుతున్న బోయా దగ్గరికి చేరి, దాన్ని ముట్టుకుని చెయ్యెత్తాలి. ఆ చెయ్యి కనబడగానే ఒడ్డున ఉన్న రెండోవారు నీటి మీద తేలే పొడవాటి బోర్డు మీద బోర్లా పడుకుని, చేతులతో నీళ్లు తోసుకుంటూ వెళ్లి, మొదటివారిని ఎక్కించుకుని తీసుకురావాలి. రూల్సు పుస్తకాన్ని తెలుగు చేసిన పెద్దమనిషి మొదటివారిని ‘బాధితురాలు’ అనీ, రెండోవారిని ‘రక్షకురాలు’ అనీ రాశాడు. నిజానికి ఒట్టి చేతులతో అలలను చీల్చుకుంటూ పోవడమే కష్టమైన పని. ఇద్దరిలో నూకరత్నం ఈత చురుకు. అందుకని మాస్టారు ఆమెను బాధితురాలిగా పెట్టాడు.

పతకం వచ్చాక క్రీడాకారుల కోటాలో ప్రాణరక్షక ఉద్యోగాలకు ఇద్దరూ అర్జీలు పెట్టుకున్నారు. కామేశ్వరికి వారం తిరక్కుండా ఉత్తర్వు వచ్చింది. పక్క జిల్లా బీచిలో చేరిపోయింది. నూకరత్నాన్ని మాత్రం ఆఫీసుకు రమ్మన్నారు.

సూపరింటెండెంటు విశ్వేశ్వరం గారు కళ్లజోడు సర్దుకుని సర్టిఫికెట్టు నిదానంగా చదివారు.

“అమ్మా, ఇందులో నువ్వు బాధితురాలివని ఉంది.”

“అవునండి.”

“అంటే మునిగిపోయావు.”

“నేదు సార్. ఈదుకుంటా ఎల్లినాను. బోయా ముట్టుకుని సెయ్యెత్తినాను.”

“ఎందుకెత్తావు?”

“రూలు సార్. నాను సెయ్యెత్తితేనే కామేశ్వరి బయల్దేరుద్ది.”

“బయల్దేరి?”

“నన్ను బోర్డెక్కించుకుని ఒడ్డుకి తెస్తాది.”

“నేను చెబుతున్నదీ అదేనమ్మా.” విశ్వేశ్వరం గారు కుర్చీలో వెనక్కి వాలారు. “నీటిలో ఉండి చెయ్యెత్తిన వ్యక్తిని వేరొక వ్యక్తి ఒడ్డుకు చేర్చిన పక్షంలో, చేర్చినవారు రక్షకులు, చేర్చబడినవారు బాధితులు. ప్రాణరక్షక సిబ్బంది నియామక నిబంధనల ప్రకారం సదరు అభ్యర్థి గతంలో నీటి ప్రమాదానికి గురై ఉండరాదు. నువ్వు జాతీయ స్థాయిలో గురయ్యావు.”

“ఈత పరీక్ష ఎట్టండి సార్. సూసుకోండి.”

“అర్హత ఉన్నవారికే పరీక్ష. అర్హత లేనిదాన్ని నీళ్లలోకి పంపి, రేపు నీకేదైనా అయితే సంతకం చేసినవాణ్ని నేను.”

ఈ సంగతి విని కామేశ్వరి సెలవు పెట్టి వచ్చింది. నూకరత్నం తనకంటే బాగా ఈదుతుందని విశ్వేశ్వరం గారితో చెప్పింది. ఆయన శ్రద్ధగా విని, ‘రక్షకురాలి వినయం ప్రశంసనీయం’ అని రాసుకుని ఆమెను పంపించారు.

ఫైలు డైరెక్టరు గారి బల్ల మీదికి వెళ్లింది. సచ్చిదానందం గారు నిర్ణయాలు తీసుకోగల మనిషి.

“సమస్యను సమస్యగా చూడకండి విశ్వేశ్వరం గారూ. మన సంస్థలో రక్షకులున్నారు. రక్షింపబడేవారు ఎక్కడ? వారు లేకుండా రక్షకుల నైపుణ్యాన్ని ప్రదర్శించడం ఎలా? బంగారు పతకం పొందిన బాధితురాలు మరే రాష్ట్రానికీ లేదు.”

ఆ విధంగా ‘అధికారిక బాధితురాలు (క్రీడలు)’ అనే పోస్టు పుట్టింది. పోస్టింగు పెదమెరక బీచి. ప్రముఖులు వచ్చినప్పుడు నీటిలోకి వెళ్లి, చెయ్యెత్తి, రక్షింపబడాలి. విధి నిర్వహణలో ఉండగా తనంతట తానుగా ఒడ్డుకు రాకూడదు.

నూకరత్నం ఇంటికొచ్చి చెప్పింది. తల్లి గౌరమ్మ ఎండుచేపలు తిరగేస్తోంది.

“జీతమిచ్చి ములగమంతన్నారా?”

“అవునే అమ్మా.”

“మరి తేలితే జీతం కోసేస్తారేటి?”

నూకరత్నానికి నవ్వు రాలేదు. ఉద్యోగం వద్దని మాస్టారితో చెప్పింది. ఆయన ఒప్పుకోలేదు.

“చేరమ్మా. వచ్చే ఏడు ప్రపంచ పోటీలున్నాయి. నిన్నూ కామేశ్వరినీ తీసుకుంటారు, నాకు నమ్మకముంది. కానీ వెళ్లాలంటే ఈ సంస్థ అనుమతి పత్రం ఉండాలి. బయట నిలబడి అడిగేదానికంటే లోపలుండి అడగడం నయం.”

నూకరత్నం చేరింది.

తీర సురక్షా వారోత్సవాలకు మంత్రిగారు ముఖ్య అతిథిగా వచ్చారు. ఒక రక్షకుడు బోర్డు మీద వెళ్లి నూకరత్నాన్ని తీసుకువచ్చేటట్టూ, మంత్రిగారు చప్పట్లు కొట్టేటట్టూ ఏర్పాటు. ఆమె వెళ్లి చెయ్యెత్తింది. మంత్రిగారు వేదిక మీద లేచి నిలబడి, తాను ప్రజల మనిషిననీ, ఒక ఆడబిడ్డ చెయ్యెత్తితే చూస్తూ కూర్చోలేననీ చెప్పి, కండువా కార్యదర్శికిచ్చి, పంచెతోనే సముద్రంలో దిగారు.

ఆయన భారీ మనిషి. ఈత రాదు. మొదటి అల ఆయన్ను కూలదోసింది, రెండోది లోపలికి లాక్కుంది. చుట్టూ ఉన్న అధికారులు చప్పట్లు కొట్టారు. బోయా దగ్గర ఉన్న నూకరత్నానికి మాత్రం ఆ తల నీటిలో లేచి పడుతున్న తీరు చూడగానే విషయం అర్థమైంది. గబగబా బారలేసుకుంటూ వచ్చి ఆయన్ను అందుకుంది. ఆయన చెయ్యి తన మెడ చుట్టూ వేసుకుని, తన చెయ్యి నీటి కింద నుంచి ఆయన నడుముకు చుట్టి, కాళ్లతో తన్నుకుంటూ ఒడ్డువైపు తిరిగింది. ఒడ్డు నుంచి చూసేవాళ్లకు మంత్రిగారు ఒక అమ్మాయిని మెడపట్టి లాక్కొస్తున్నట్టు ఉంది.

“వదలకమ్మా,” అన్నారు మంత్రిగారు.

“వదల్ను బాబూ. నోరు మూసుకోండి, నీల్లు పోతాయి. గట్టు దగ్గరకొచ్చినాక నవ్వండి, పొటోలు తీస్తన్నారు.”

ఒడ్డెక్కి, ఊపిరి తీసుకున్నాక, మంత్రిగారు మైకు తెమ్మన్నారు. “ఆ తల్లి కళ్లలో భయం చూశాను. ఆ క్షణంలో నేను మంత్రినన్న సంగతే మరిచిపోయాను,” అన్నారు. ఆయనకు ప్రాణరక్షక పతకం ప్రకటించారు. దుప్పటి కప్పుకుని కూర్చున్న నూకరత్నం పక్కనుంచి డైరెక్టరు గారు గొడుగు కింద నడిచి వెళుతూ, “చక్కగా మునిగావు,” అని మెచ్చుకున్నారు.

ఆ ఫోటో అన్ని పత్రికల్లోనూ వచ్చింది. దాంతో మిగిలిన పెద్దలందరికీ మనుషుల ప్రాణాలు కాపాడాలనే కోరిక కలిగింది. సచ్చిదానందం గారు ఈ స్పందనను వృథా పోనివ్వలేదు. ప్రాణరక్షణ చేసిన అధికారులకు పదోన్నతిలో అదనపు మార్కులు కలపాలని ప్రతిపాదన పంపారు. పై నుంచి ఉత్తర్వు వచ్చింది. ‘విధి నిర్వహణలో భాగం కాకుండా, స్వచ్ఛందంగా ప్రాణం కాపాడిన’ వారికే మార్కులని అందులో ఉంది. కనుక జీతం తీసుకుని రోజూ కాపాడే కామేశ్వరిలాంటి వాళ్లకు మార్కులు రావు. ఆ నెలలోనే ఆమె తన బీచిలో ముగ్గురు కాలేజీ కుర్రాళ్లను బయటికి లాగింది. ఆమెకు ఒక మెమో వచ్చింది, బోర్డు ముక్కు విరిగినందుకు.

పెదమెరకకు మాత్రం కార్లు బారులు తీరాయి. దేవాదాయ శాఖవారు వచ్చారు, తూనికలు కొలతలవారు వచ్చారు, భూగర్భ జలాలవారు వచ్చారు. ఒక ఆడిట్ అధికారి మోకాలి లోతులోనే రక్షిస్తానని పట్టుబట్టాడు. నూకరత్నం ఇసుకలో బోర్లా పడుకుని అతని మాట నెగ్గించింది. మత్స్యశాఖ జాయింటు డైరెక్టరుకు చేపలు కాళ్లకు తగిలితే భయం. ఆయన దారి పొడుగునా ఆమె భుజాలెక్కి వచ్చాడు. అందరినీ ఆమె మంత్రిగారిని తెచ్చినట్టే తెచ్చింది. ఎవరి చెయ్యి ఎక్కడ వేసుకుంటే ఒడ్డు నుంచి బాగా కనబడుతుందో, ఎక్కడ నిలబడమంటే నీళ్లు నడుం దాటవో ఆమెకు పట్టుబడింది. ఒడ్డెక్కినవాళ్లు ఆమె ముఖం చూసేవాళ్లు కాదు. పతకాలు తీసుకుని వెళ్లిపోయేవాళ్లు.

ఒకరోజు కామేశ్వరి ఫోను చేసింది.

“ఏటి సేస్తన్నావే?”

“ములుగుతన్నాను. నువ్వు?”

“గట్టు మీద కూకున్నాను. ఎవులూ ములగనేదు ఇయాల. నీకెందుకే ఈ కర్మ, మానేయరాదా?”

“మానేస్తే పత్రం ఎవుడిస్తాడే? ఒకటి మాత్రం మంచే జరిగిందిలే. రోజూ ఇంతేసి మనుసుల్ని ఈడుస్తంటే నా ఈత ఎలగుందో తెల్సా? ఒట్టి ఒంటితో దిగితే గాల్లో ఎగిరినట్టుంది.”

అది నిజమే. జాతీయ జట్టు ఎంపికల్లో నూకరత్నం బోయా దగ్గరికి చేరిన వేగం చూసి అక్కడివాళ్లు గడియారం పాడయిందనుకుని మళ్లీ ఈదించారు. ఆమెకూ కామేశ్వరికీ జంటగా ప్రపంచ పోటీలకు పిలుపొచ్చింది. నూకరత్నం అనుమతి కోసం అర్జీ పెట్టింది.

సరిగ్గా అప్పుడే కేంద్రం నుంచి ముగ్గురు నిపుణులు వచ్చారు. దేశం మొత్తం మీద అత్యధిక ప్రాణరక్షణలు జరిగిన బీచి పెదమెరక అని తేలింది కనుక, అక్కడ ఇంతమంది ఎందుకు మునిగిపోతున్నారో పరిశోధించడానికి వచ్చారు. ఇసుక చూశారు, అలలు చూశారు, గాలి కొలిచారు. కారణం దొరకలేదు. ఆఖరికి మునిగినవారి పేర్లు తెప్పించుకుని చూశారు. అన్నీ ఒకటే పేరు.

నిపుణుల బృందం నాయకుడు డైరెక్టరు గారితో సమావేశమై గంభీరంగా చెప్పాడు. “మీ తీరంలో లోపం లేదు. మీ తీరంలో జరిగిన ప్రమాదాలన్నిటికీ మూలం ఒకే వ్యక్తి. సదరు వ్యక్తిని సముద్రానికి దూరంగా ఉంచితే ఇక్కడ ప్రమాదాల సంఖ్య సున్నా అవుతుంది. అప్పుడు దీన్ని మునక రహిత తీరంగా ప్రకటించి జెండా ఇవ్వడానికి మాకు అభ్యంతరం ఉండదు.”

అలాంటి జెండా ఉన్న బీచి దేశంలో అప్పటికి ఒక్కటీ లేదు. సచ్చిదానందం గారు ఆ రాత్రే ఉత్తర్వు తయారు చేయించారు.

‘తరచుగా మునిగే స్వభావం కలిగిన కుమారి సూరాడ నూకరత్నం అనువారు ప్రాణభద్రత దృష్ట్యా సముద్రానికి అర కిలోమీటరు లోపు సంచరించరాదని ఇందుమూలముగా ఆదేశించడమైనది.’ ఆమె ఇల్లు సముద్రానికి యాభై అడుగులుంటుంది. కనుక ఆమెను ఆఫీసుకు బదిలీ చేసి, పై అంతస్తులో కుర్చీ ఇచ్చారు. ఆ కుర్చీకి దగ్గర్లో అగ్ని ప్రమాదాల కోసం పెట్టిన నీళ్ల బకెట్లు ఉంటే, విశ్వేశ్వరం గారు ముందుజాగ్రత్తగా తీయించేశారు. పెదమెరకలో ఇక ఎవరూ మునగరు కాబట్టి, అక్కడి రక్షకులను కూడా వేరే చోట్లకు పంపేశారు.

ప్రపంచ పోటీల అర్జీ తిరిగి వచ్చింది. నూకరత్నం విశ్వేశ్వరం గారి బల్ల ముందు నిలబడింది.

“ఎందుకు సార్ కాదన్నారు?”

“ఆలోచించమ్మా. స్వదేశంలో ఇన్నిసార్లు మునిగిన మనిషివి. విదేశీ జలాల్లో ఏదైనా జరిగితే రెండు ప్రభుత్వాల మధ్య ఉత్తర ప్రత్యుత్తరాలు నడపాల్సింది ఎవరు?”

“నాను ఒక్కసారీ ములగనేదు సార్. ఆలందర్నీ నాను తెచ్చినాను.”

విశ్వేశ్వరం గారు చుట్టూ చూసి గొంతు తగ్గించారు. “ఆ మాట ఇక్కడ అనకు. పతకాలున్నవాళ్లందరూ ఇప్పుడు పెద్ద పెద్ద స్థానాల్లో ఉన్నారు.”

నూకరత్నం తన కుర్చీలోకి వచ్చి కూర్చుంది. కిటికీలోంచి ఎండిపోయిన చెరకు తోటలు కనబడ్డాయి. ఊళ్లో పుట్టినప్పటి నుంచీ అలల చప్పుడు లేకుండా ఆమె నిద్రపోయింది లేదు. ఆఫీసున్న ఊరి లాడ్జి గదిలో ఫ్యాను చప్పుడు వింటూ వారం రోజులుగా తెల్లవార్లూ మేలుకునే ఉంటోంది. ఒళ్లంతా బరువెక్కిపోతోందని మాస్టారికి ఫోను చేసి చెప్పింది.

ఆ జెండా ఎగరేసే రోజున మాత్రం ఆమెను పెదమెరక తీసుకెళ్లారు. చివరి బాధితురాలిగా వేదిక మీద చూపించాలి. ఆ తర్వాత ఆమెను, జనం నీళ్ల దగ్గరికి పోకుండా కట్టిన తాడు ఇవతల కూర్చోబెట్టి, కాపలాకు పైడమ్మ అనే కానిస్టేబులును పెట్టారు. ఆ రోజు గాలి తేడాగా ఉంది. ఊరి మగవాళ్లు తెల్లవారుజామునే సముద్రం చూసి పడవలు దింపలేదు. నూకరత్నం కూర్చున్న చోటు నుంచి చూసింది. రెండు అలల మధ్య ఒకచోట నీరు మట్టిరంగులో, నురగ లేకుండా, లోపలికి జారుతోంది. అలాంటి చోట దిగినవాణ్ని నీరు తీసుకుపోతుంది. దూరం నుంచి చూస్తే అదే బీచి మొత్తానికి నెమ్మదిగా కనబడే చోటు.

ప్రసంగాలయ్యాయి. ప్రాణరక్షక పతకాలున్న ప్రముఖులందరూ చేతులు పట్టుకుని సముద్రంలోకి నడిచి, జెండాకు వందనం చేయాలని కార్యక్రమంలో ఉంది. ఎక్కడ దిగితే బాగుంటుందని ఎవరో అడిగారు. సచ్చిదానందం గారు ఎన్నడూ నీళ్లలో అడుగు పెట్టని మనిషి. ఆ రోజు సంస్థ తరఫున వరసకు నాయకత్వం వహించాల్సి వచ్చింది. ఆయన సముద్రాన్ని నిదానంగా పరిశీలించి, అలలు లేని చోటు చూపించారు.

నూకరత్నం లేచి నిలబడింది. “అక్కడొద్దు. ఆల్ని ఆపండమ్మా, అది లాగే నీరు,” అంది పైడమ్మతో.

“కార్యక్రమంలో ఉంది కదమ్మా, ఎలా ఆపుతాం? కూకో.”

వరస నీళ్లలోకి దిగింది. బ్యాండు మోగింది. నడుం లోతు వచ్చేసరికి కాళ్ల కింద ఇసుక జారిపోయింది. పట్టుకున్న చేతులు ఒకదాన్నొకటి లాగాయి. చివర ఉన్నవాళ్లు చేతులు విడిపించుకుని వెనక్కి పడి పాక్కుంటూ వచ్చారు. ముందున్న ఐదారుగురిని నీరు లోపలికి తీసుకుపోయింది. అందరికంటే ముందు సచ్చిదానందం గారున్నారు. పతకాలున్నవాళ్లు ఒకరినొకరు రక్షించమని కేకలు పెట్టారు. ఒడ్డునున్న జనం ఇదీ కార్యక్రమంలో భాగమేననుకుని చప్పట్లు కొట్టారు.

నూకరత్నం తాడు దాటింది.

“నీకు లోపలికి పోడానికి ఆర్డరు లేదు,” అని పైడమ్మ చెయ్యి పట్టుకుంది.

“నాను పోడానికి కాదమ్మా, ఆలు రాడానికి.”

పైడమ్మ ఒకసారి సముద్రం వైపు చూసి చెయ్యి వదిలేసింది.

వేదిక పక్కన బంతిపూల దండలేసి నిలబెట్టిన బోర్డు ఉంది. నూకరత్నం దండలతో సహా దాన్ని లాక్కుని నీళ్లలోకి పరిగెత్తింది. జోగారావు మాస్టారు, ఊరివాళ్లు నలుగురు తాళ్లు తీసుకుని ఆమె వెనక దిగారు. ఆమె ఆ లాగే నీటికి ఎదురు తిరగలేదు, దానితోనే లోపలికి పోయింది. దగ్గరున్నవాళ్లను బోర్డు అంచులు పట్టుకోమంది. మూలుగుతున్న దేవాదాయ అధికారిని బోర్డు మీద వేసింది. పక్కకు తోసుకుంటూ వెళ్లి వాళ్లను తాళ్లవాళ్లకు అప్పగించి, సచ్చిదానందం గారి కోసం మళ్లీ వెళ్లింది. ఆయన అప్పటికి రెండుసార్లు మునిగి తేలారు. ఆమె దగ్గరికి రాగానే జుట్టు రెండు చేతులా పట్టుకుని ఆమెనూ కిందికి తొక్కేశారు. నూకరత్నం నీటి అడుగునే ఆయన వేళ్లు ఒక్కొక్కటీ విడదీసింది, వెనక నుంచి చంకల కింద చెయ్యి వేసి పైకి తెచ్చింది. ఒడ్డు చేరగానే ఆమె ఇసుకలో కూలబడింది. ఆ రోజు ఎవరి ప్రాణమూ పోలేదు.

విచారణ జరిగింది. అది సులువైన విచారణ కాదు. ఆ సమయానికి పెదమెరక మునక రహిత తీరం, కనుక అక్కడ ఎవరూ మునిగి ఉండే అవకాశం లేదు. నీటిలో ఉన్నవారు ప్రాణరక్షక పతకాలున్నవారు, వారి నాయకుడు స్వయంగా సంస్థ డైరెక్టరు. సముద్రంలోకి వెళ్లకూడదని ఉత్తర్వున్న మనిషి ఒక్కరే, ఆవిడ తాడు దాటి వెళ్లడం వందలమంది చూశారు. ఇవన్నీ కలిపి చూస్తే ఒకటే అర్థం వచ్చింది. నిషేధాన్ని ఉల్లంఘించి సముద్రంలో దిగిన నూకరత్నాన్ని, సచ్చిదానందం గారి నాయకత్వంలో ప్రముఖులు ప్రాణాలకు తెగించి రక్షించారు.

ఆమె సంతకం కోసం ఆ వాంగ్మూలం తయారు చేసి, విశ్వేశ్వరం గారు ఆమెను డైరెక్టరు గారి గదిలోకి పంపారు. సచ్చిదానందం గారు ఒక్కరే ఉన్నారు. ఉప్పునీళ్లు మింగినందుకు గొంతు ఇంకా బొంగురుగానే ఉంది.

“చదివావా?”

“సదివినాను సార్. నాను ములిగిపోతంటే తమరు రక్షించినట్టుంది.”

“ఏమైనా మార్పులుంటే చెప్పు.”

“తమరు నా జుట్టు పట్టుకున్నారు. అది రాయనేదు.”

ఆయన బల్ల మీద ఉన్న పేపరు వెయిటును అటూ ఇటూ జరిపారు. “నొప్పి పుట్టిందా?”

“ఇప్పటికీ దువ్వెన ఎట్టనేకపోతన్నాను.”

ఆయన పేపరు వెయిటును తీసి వాంగ్మూలం మీద పెట్టారు.

“నువ్వు సంతకం పెడితే నీ మీద చర్య ఉండదు,” అన్నారాయన. “పెట్టకపోతే...”

“పెట్టకపోతే తమరు ములిగినట్టు.”

“అవును,” అన్నారు సచ్చిదానందం గారు. ఆ మాటకు ముందూ వెనకా ఇంకేమీ చేర్చలేదు.

నూకరత్నం సంచిలోంచి తన పాత అర్జీ తీసి బల్ల మీద పెట్టింది. “దీని మీద తమరు సంతకం పెట్టండి సార్. దాని మీద నాను పెడతాను.”

ఆయన పెట్టారు. ఆమె పెట్టింది. వెళ్లి బస్సులో కూర్చుంది. వెనక్కి వెళ్లి ఆ కాగితం చింపేద్దామా అనిపించింది. దిగడానికి ఒకసారి లేచింది కూడా. ఒడిలో ఉన్న అనుమతి పత్రం మళ్లీ చదువుకుని, ఏడుపు ఆపుకుని కూర్చుంది. ఇంటికెళ్లి తల్లితో చెబితే గౌరమ్మ, “పెట్టినావు కదా, ఇంక ఎల్లి ఈదు,” అని మాత్రం అంది.

ప్రపంచ పోటీల్లో నూకరత్నం బోయా దగ్గరికి అందరికంటే ముందు చేరింది. ఒడ్డున ప్రకటించేవాడు ఆమె పేరు తప్పుగా పలికాడు గానీ, ఒట్టి పేరే పలికాడు, దాని పక్కన ఇంకేమీ చేర్చలేదు. ఆ చల్లటి నీళ్లలో, ఊపిరి ఎగపోస్తూ, ఆమెకు చాలా సంతోషంగా అనిపించింది. తిరిగి వచ్చేటప్పుడు ఒక అల బోర్డును వంకర తిప్పడంతో జంట నాలుగో స్థానంలో నిలిచింది. కామేశ్వరి ఇసుకలో కూర్చుని ఏడ్చింది. నూకరత్నం ఆమె వీపు మీద చెయ్యేసి, “నాలుగంటే తక్కువేటే, ఎంతమంది ఎనక్కి ఉండిపోనారో సూడు,” అంది. సంస్థ ఒక పత్రికా ప్రకటన ఇచ్చింది: మన అధికారిక బాధితురాలు అంతర్జాతీయ జలాల్లో సైతం విజయవంతంగా రక్షింపబడి రాష్ట్ర ప్రతిష్ఠను నిలబెట్టారు.

తిరిగి వచ్చాక ఆమె ఆ ఉద్యోగం మానేసింది, దాంతో ఆ నిషేధపు ఉత్తర్వు కూడా ఆమెకు వర్తించడం మానేసింది. మాస్టారితో కలిసి ఊళ్లో పిల్లలకు ఈతా, బోర్డూ నేర్పుతోంది. పెదమెరక బీచిలో జెండా ఉంది, రక్షకులు లేరు. ఎవరైనా దిగకూడని చోట దిగితే నూకరత్నమే విజిలు ఊది వెనక్కి పిలుస్తుంది. ఆ పనికి ఆమెకు పదవి లేదు.

మరుసటి వేసవిలో ఒక ఉదయం ఆమె పిల్లలను పంపించి బోర్డులు కడుగుతుంటే, లుంగీ కట్టుకుని తువ్వాలు భుజాన వేసుకున్న ఒక పెద్దమనిషి ఇసుకలో నెమ్మదిగా నడుచుకుంటూ వచ్చాడు. దగ్గరికొచ్చేదాకా ఆమె గుర్తుపట్టలేదు. సచ్చిదానందం గారు రిటైరయ్యారు.

“నన్ను జాతీయ జలసురక్షా మండలికి అధ్యక్షుణ్ని చేశారు,” అన్నారు, నమస్కారానికి బదులుగా. “నిన్ను రక్షించినందుకు ఇచ్చిన పతకం చూసి వేశారు. మొదటి సమావేశం ఏదో ద్వీపంలోనట. పడవ మీద వెళ్లాలి.”

“మంచిదే కదండి.”

“నాకు ఈత రాదు నూకరత్నం.”

“తెలుసండి.”

ఆయన ఇసుక వైపు చూశారు. “రాత్రిళ్లు నిద్ర పట్టడం లేదు. కళ్లు మూస్తే ఆ రోజు నీటి అడుగున ఉన్నట్టే ఉంటుంది. నువ్వు నా వేళ్లు విడదీస్తున్నట్టు... ఆ కాగితంలో ఏం రాసుకున్నా, నాకు తెలుసు కదా.”

నూకరత్నం చేతిలో బోర్డు కింద పెట్టింది. ఆయన మీద ఆమెకు కోపం ఉంది. ఆ కోపం కోసం వెతుక్కుంది, అది అక్కడే ఉంది. కానీ ఎదురుగా నిలబడ్డ మనిషి ఒక్కో అల చప్పుడుకీ ఒక అడుగు వెనక్కి వేస్తున్నాడు. నీళ్లు ఇంకా పది గజాల దూరంలో ఉన్నాయి.

“లుంగీ బిగించి కట్టండి. రండి,” అంది.

నడుం లోతులో ఆయన పొట్ట కింద చెయ్యి పెట్టి, నీటి మీద బోర్లా పడుకోమంది. ఆయన నాలుగుసార్లు తన్నుకుని లేచి నిలబడ్డారు, ముక్కుల్లోకి నీళ్లు పోయి దగ్గారు. ఐదోసారి ఒళ్లు వదిలేశారు. ఒక అల వచ్చి ఆయన్ను పైకెత్తి, మెల్లిగా దింపి వెళ్లిపోయింది. ఆయన తేలే ఉన్నారు.

ఒడ్డున బుట్టలతో వెళుతున్న ఒకావిడ, “ఎవులే ఆ ముసలాయన?” అని కేకేసింది.

“కొత్తగా సేరినారు,” అని చెప్పింది నూకరత్నం.

సచ్చిదానందం గారు లేచి నిలబడి ముఖం తుడుచుకున్నారు. ఊపిరి అందాక, అలవాటు కొద్దీ అడిగారు. “ఇది దేని కిందికి వస్తుంది?”

“ఏటి సార్?”

“ఇప్పుడు నేను చేసింది. ఏ మార్కుల కింద రాస్తారు?”

“దేని కిందకీ రాదండి. తేలినారు, అంతే.”

ఆయన ఆ మాట గురించి కాసేపు ఆలోచించారు. తర్వాత, ఒడ్డున ఎవరైనా చూస్తున్నారేమోనని కూడా చూడకుండా, మళ్లీ నీటి మీద బోర్లా పడుకున్నారు.